ఇసుక కింది వాగు

నడి వేసవిలో, వాగు ఎండి ఇసుక పర్రగా మిగిలిన రోజుల్లో కూడా, ఒకప్పుడు సిద్దిపేట పల్లెల ఆడవాళ్లు బిందె చంకన పెట్టుకుని ఆ వాగుకే పోయేవారు. ఇసుకలో మోకాలిలోతు చేత్తో తోడేవారు. ముందు తడి ఇసుక తగిలేది, తర్వాత మడ్డినీళ్లు. ఆ మడ్డిని రెండు మూడుసార్లు తోడి పారబోసి కాసేపు ఆగితే అడుగు నుంచి తేటనీరు మెల్లగా ఊరేది. సత్తుగిన్నెతో ముంచి, బట్ట అడ్డం పెట్టి వడపోసి బిందె నింపుకునేవారు. దాని పేరు చెలిమె. పైన అరికాలు మోపలేనంత వేడి, మోకాలిలోతున చల్లటి నీళ్లు. పారే వాగు ఆగిపోయినా ఇసుక కింద వాగు బతికే ఉండేది.

సిద్దిపేట కథంతా ఆ కింది వాగుదే. దాన్ని నింపడానికి అడ్డుకట్టలు ఎట్లా పనిచేస్తాయి, ఎక్కడ పనిచేయవు, నిండింది ఎంతకాలం నిలుస్తుంది అన్నదే ఈ ప్రసంగం.

ముందు ఈ నేల ఎలాంటిదో చూడాలి. సిద్దిపేట జిల్లాకు తనదంటూ పెద్ద నది లేదు. ఇది ఎత్తైన మెరక ప్రాంతం. గోదావరి ఉత్తరాన ఎక్కడో దూరంగా, చాలా లోతట్టున పారుతుంది. మంజీర పడమట నుంచి పక్కకు తిరిగిపోతుంది. జిల్లాకు ఉన్నవి వాగులే. కూడవెల్లి వాగు గజ్వేల్ వైపు నుంచి దుబ్బాక ప్రాంతం మీదుగా పారి నర్మాల దగ్గర ఎగువ మానేరులో కలుస్తుంది. మోహితుమ్మెద వాగు మానేరు వైపు పోతుంది. హల్దీ వాగు మంజీర వైపు పోతుంది. ఏడాదికి ఏడువందల మిల్లీమీటర్లకు పైగా పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అదీ కొద్ది రోజుల్లోనే కుమ్మరించిపోతుంది. మెరక మీద పడ్డ వాన నిలవదు. ఒర్రెల్లోంచి వాగుల్లోకి, వాగుల్లోంచి పల్లానికి జారిపోతుంది.

ఇది ఈ నేల మీద బతికినవాళ్లకు ఎప్పుడో తెలిసిన సంగతి. అందుకే కాకతీయుల కాలం నుంచి ఇక్కడ గొలుసుకట్టు చెరువులు వచ్చాయి. పై ఊరి చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది ఊరి చెరువులోకి చేరేది. వాగులకు అడ్డంగా రాళ్లు పేర్చి కట్టిన చిన్న ఆనకట్టను తెలంగాణలో కత్వ అంటారు. చెక్‌డ్యాం అనే మాట రాకముందే కత్వ ఉంది. చెరువు పొలానికి నీరిచ్చేది, చెరువు కింది బావికి ఊట ఇచ్చేది. మోటబావి గట్టు మీద నిలబడి లోపలికి చూస్తే చెరువు నిండిందో లేదో చెప్పగలిగేవారు.

మోటబావుల కాలం పోయి బోర్ల కాలం వచ్చాక లెక్క మారింది. బావి ఎంత లోతుకు తవ్వినా మనిషి చేతికీ ఎద్దు మెడకూ ఒక హద్దుండేది. బోరుకు ఆ హద్దు లేదు.

బోరు వేసే రాత్రిని ఒకసారి తలచుకోవాలి. బండి వస్తుంది, పెద్ద మోతతో కడ్డీ దిగడం మొదలవుతుంది. రైతు, ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు పొలాలవాళ్లు గట్టు మీద కూర్చుంటారు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచినవాడు చూపిన జాగాలోనే తవ్వకం. మొదట ఎర్రమట్టి వస్తుంది, తర్వాత మొరం, ఆ తర్వాత రాయి. అక్కడి నుంచి తెల్లటి పిండి లాంటి దుమ్ము లేచి తలల మీద, చెట్ల మీద పడుతుంది. దుమ్ము రంగు మారిందా, తడి తగిలిందా అని అందరి చూపూ అక్కడే. దూరం నుంచి ఎవరో కేకేస్తారు: ‘నీళ్లు పడ్డయా?’ గట్టు మీంచి జవాబు: ‘ఇంకా దుమ్మే లేస్తుంది.’ అడుగుకింత అని లెక్క పెరుగుతూనే ఉంటుంది. తెల్లారేసరికి అప్పు మాత్రం మిగిలి, బోరు ఎండుబోరైన ఇళ్లు ఈ ప్రాంతంలో లెక్కలేనన్ని. 2015లో తెలంగాణలో 231 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించారు. సిద్దిపేట కూడా కలిసి ఉన్న ఉమ్మడి మెదక్ జిల్లా ఆ కరవును మొదటి వరసలో నిలబడి అనుభవించింది. సింగూరు జలాశయం సైతం అడుగంటిన రోజులవి.

ఆ తెల్లటి దుమ్ములోనే అసలు కారణం ఉంది. సిద్దిపేట కింద ఉన్నది కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, నైస్ రాయి. నదీ మైదానాల్లో మాదిరి ఇక్కడ వందల అడుగుల ఇసుక పొరలు ఉండవు. పైన కొన్ని మీటర్ల మందాన రాయి శిథిలమై మొరంగా మారి ఉంటుంది. దాని కింద గట్టి బండ, ఆ బండలో అక్కడక్కడ పగుళ్లు. నీరు దాగేది ఆ మొరంలో, ఆ పగుళ్లలో మాత్రమే. వంద లీటర్ల పరిమాణం గల అటువంటి రాతి నుంచి తోడుకోగలిగే నీరు సుమారు ఒకటి నుంచి మూడు లీటర్లు. ఇసుక నేలల్లో అయితే ఇది దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఈ చిన్న అంకె వెనుక పెద్ద విషయమే ఉంది. రాతిలో రెండు శాతమే జాగా ఉందనుకుంటే, 20 మిల్లీమీటర్ల నీరు ఇంకితే చాలు, భూగర్భ నీటిమట్టం ఒక మీటరు పైకి లేస్తుంది. మంచి వాన రెండు పడితే బోర్లు పోయడం మొదలుపెట్టేది అందుకే. అంతే త్వరగా దిగిపోతుంది కూడా. 20 మిల్లీమీటర్లు తోడితే మీటరు కిందికి. సిద్దిపేట భూగర్భం చిన్న గాబు లాంటిది. త్వరగా నిండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది. నిన్న నిండుగా కనిపించిందని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఎండిందని ఆశ వదులుకోవలసిన పనీ లేదు.

ఇక అడ్డుకట్ట. వాగుకు అడ్డంగా మనిషెత్తు కాంక్రీటు గోడ కడతారు. వరద వచ్చినప్పుడు గోడ మీదుగా దుంకిపోతుంది, వరద తగ్గాక గోడ వెనుక నీరు నిలుస్తుంది. ఆ నీటి బరువుకు అడుగున ఇసుకలోకి, ఒడ్డుల్లోకి నీరు ఇంకుతుంది. పక్క పొలాల బావుల్లో, బోర్లలో ఊట పెరుగుతుంది. ఈ గోడలు పొలాలకు కాలువ తీయడానికి కట్టినవి కావు. వాగు వేగాన్ని తగ్గించి, ఇంకడానికి దానికి వ్యవధి ఇవ్వడమే వాటి పని.

చేతివేళ్ల మీద ఒక లెక్క వేసి చూద్దాం. వాగు 40 మీటర్ల వెడల్పు. గోడ రెండు మీటర్ల ఎత్తు. నీరు వెనక్కి 500 మీటర్ల దూరం నిలిచిందనుకుందాం. గోడ దగ్గర లోతు రెండు మీటర్లు, చివర సున్నా కాబట్టి సగటున ఒక మీటరు. అంటే 20 వేల ఘనపు మీటర్లు, 2 కోట్ల లీటర్లు. వానాకాలంలో మూడుసార్లు నిండి ఇంకితే 6 కోట్ల లీటర్లు. కొంత ఎండకు ఆవిరవుతుంది, కొంత దూరంగా జారిపోతుంది. తిరిగి బోర్లకు దక్కేది సగమే అనుకుంటే 3 కోట్ల లీటర్లు.

యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరాకు అది 48 లక్షల లీటర్లు. ఈ గోడ ఇచ్చిన 3 కోట్ల లీటర్లు ఆరెకరాల వరికి సరి. పొలంలో పెట్టిన నీటిలో కొంత మళ్లీ భూమిలోకే దిగుతుంది కాబట్టి ఇంకో రెండు మూడెకరాలు కలపవచ్చు. అదే మొక్కజొన్నకు 500 మిల్లీమీటర్లు చాలు, ఎకరాకు 20 లక్షల లీటర్లు. అప్పుడు పదిహేనెకరాలు. వాగు నెలల తరబడి సన్నగా పారుతూ ఉంటే గోడ వెనుక నీరు ఎప్పటికప్పుడు ఇంకుతూ, నిండుతూ ఉంటుంది. అప్పుడు లెక్క ఇంకా మెరుగుపడుతుంది. ఏ విధంగా చూసినా చెక్‌డ్యాం ఊరంతటికీ వరి పండించేంత నీరివ్వదు. ఉన్న బావులను ఫిబ్రవరిలో ఎండిపోనివ్వకుండా ఏప్రిల్ దాకా లాగుతుంది. చేతికొచ్చిన పంటకు చివరి రెండు తడులు ఇచ్చేది అదే. చివరి తడి అందక కంకి తాలుపోయిన పొలాన్ని చూసిన రైతుకు ఆ రెండు తడుల విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఈ పని మళ్లీ ఊపందుకుంది. 2015 మార్చి 12న నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులను గుర్తించి విడతలవారీగా పూడిక తీయడం మొదలుపెట్టారు. ట్రాక్టర్ల కొద్దీ నల్లటి పూడిక మట్టి ఎర్రచెలకల మీదికి వెళ్లింది. చెరువు అడుగు మళ్లీ పీల్చుకునే నేలగా మారింది. ఆ తర్వాత వాగుల మీద చెక్‌డ్యాంల వంతు వచ్చింది. కూడవెల్లి మీద, హల్దీ మీద వరసగా గోడలు లేచాయి.

ఇంతలో గోదావరి కూడా ఎక్కి వచ్చింది. 2019 జూన్ 21న, గోదావరి నీటిని ఎత్తిపోసే కాళేశ్వరం ప్రాజెక్టును ప్రారంభించారు. 2020 ఏప్రిల్‌లో సిద్దిపేట పక్కన 3 టీఎంసీల రంగనాయకసాగర్‌కు, అదే ఏడాది మే 29న 15 టీఎంసీల కొండపోచమ్మసాగర్‌కు నీళ్లొచ్చాయి. 50 టీఎంసీల మల్లన్నసాగర్‌ను 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. ఒక టీఎంసీ అంటే 2,800 కోట్ల లీటర్లకు పైమాటే. గోదావరి మీద మేడిగడ్డ దగ్గర సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తులో ఉన్న నీరు మోటార్ల మీద మెట్టు మెట్టు ఎక్కి, 618 మీటర్ల ఎత్తున ఉన్న కొండపోచమ్మకు చేరింది.

భూగర్భజలం కోణంలో చూస్తే ఆ తర్వాత జరిగింది మరింత ఆసక్తికరం. 2021 ఏప్రిల్ 6న, ఎండలు ముదిరే వేళ, వర్గల్ మండలంలో కాళేశ్వరం కాలువ నుంచి హల్దీ వాగులోకి నీళ్లు వదిలారు. ఎండిన వాగులో నీరు నెమ్మదిగా ముందుకు పాకింది. ఒక్కో చెక్‌డ్యాం నిండి, దుంకి, తర్వాతి దానికి చేరింది. అక్కడి నుంచి మంజీర, దాని మీది నిజాంసాగర్. వాన లేని నెలలో వాగు పారడమంటే, ఇంకుడుకు వానాకాలాన్ని ఇంకొన్ని వారాలు పొడిగించడమే. ఆ అడ్డుకట్టలు లేకపోయి ఉంటే ఆ నీరు తొందరగా జారిపోయేది.

అయితే ఈ నీటి వెనుక ఉన్న బరువును దాటేసి మాట్లాడటం తగదు. మల్లన్నసాగర్ కోసం వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ వంటి ఊళ్లు మునిగాయి. తరతరాల ఇల్లూ పొలమూ వదిలి ఆ ఊళ్లవాళ్లు గజ్వేల్ దగ్గర కాలనీలకు తరలిపోయారు. ఇంకొకటి, 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. అంత దూరం నుంచి, అంత ఎత్తుకు, అంత కరెంటుతో వచ్చే నీరు ఏ ఏడాదైనా తగ్గవచ్చు. ఊరి వాగు మీది వాన మాత్రం ఆ ఊరిదే. కాలువ నీరు వచ్చే చోట కూడా చెరువునూ కత్వనూ చెక్‌డ్యాంనూ చూసుకోవలసిందే అనడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు.

చూసుకోవడమంటే ఏమిటి? ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే కట్టిన రోజున ఫొటోలు ఉంటాయి, అయిదో ఏడాదికి ఆ గోడ దగ్గరికి ఎవరూ పోరు.

చెక్‌డ్యాంకు మొదటి శత్రువు ఒండ్రు. తొలకరి వరద ఎర్రగా, చిక్కగా వస్తుంది. దున్నిన చెలకల మట్టి అంతా అందులోనే. ఆ నీరు గోడ వెనుక నిలిస్తే సన్న మట్టి నెమ్మదిగా అడుగుకు దిగి ఇసుక రేణువుల సందులు మూసేస్తుంది. వేలిమందం బంకమట్టి పొర చాలు. పైన మీటరున్నర నీరు మెరుస్తూ కనిపిస్తుంది, పక్క బోరులో మాత్రం చుక్క పెరగదు. నీరు చాలా రోజులు నిలిచి ఉందని ఊరు సంతోషపడుతుంది. నిజానికి అది చెక్‌డ్యాం చెడిపోయిందనడానికి గుర్తు. బాగా పనిచేసే ఇంకుడు కట్ట త్వరగా ఖాళీ కావాలి.

మందు పెద్ద కష్టమైందేం కాదు. వేసవిలో వాగు ఎండగానే ఆ పొర చెక్కి చెలకకు తోలుకోవాలి. గోడలో షట్టర్లు ఉంటే తొలి ఎర్రనీటిని పోనిచ్చి, వరదలు తేటపడ్డాక మూయాలి. మహారాష్ట్రలో కొల్హాపూర్ పద్ధతి ఆనకట్టలకు వానాకాలమంతా పలకలు తీసి ఉంచి, చివర్లో బిగిస్తారు.

నమీబియా ఎడారిలో ఒమరూరు నది మీద 1990లలో కట్టిన ఓమ్‌డెల్ డ్యాంలో ఇదే సూత్రాన్ని పెద్ద ఎత్తున పాటించారు. వరదను డ్యాంలో ఆపి మట్టి అడుగుకు దిగనిస్తారు. తేటపడ్డ నీటిని కిందికి వదిలి, నదీగర్భంలో చేసిన ఇంకుడు గుంటల్లోకి పంపుతారు. ఒమన్‌లో మస్కట్ దగ్గర 1985లో కట్టిన అల్ ఖూద్ డ్యాం కూడా ఇంకుడు కోసమే కట్టింది. లేకపోతే కొండల మీంచి ఒక్కసారిగా దూకే వరద గంటల్లో సముద్రం పాలవుతుంది.

రెండో సంగతి ఇసుక. కెన్యాలోని కిటుయి ప్రాంతంలో వాగులకు అడ్డంగా కట్టిన ఇసుక ఆనకట్టలు వందల్లో ఉన్నాయి. అక్కడ గోడ వెనుక ఇసుక నిండాలనే కడతారు. ఇసుకలో నాలుగో వంతుకు పైగా ఖాళీయే, ఆ ఖాళీలో నీరు నిలుస్తుంది. పైన ఇసుక ఎండినా మీటరు కింద నీరు ఆవిరి కాదు. ఆడవాళ్లు అక్కడ గుంట తోడి బిందె నింపుకుంటారు. అక్షరాలా మన చెలిమె. ఇక్కడ మనం చేసింది వేరు. హైదరాబాద్ చుట్టూ ఇళ్లు లేచే కొద్దీ వాగుల్లోంచి ఇసుక లారీల్లో తరలిపోయింది. బండ తేలిన వాగులో ఎన్ని గోడలు కట్టినా నీటిని పట్టుకునే స్పంజి లేదు. భూమి, నీరు, చెట్ల రక్షణకు 2002లోనే వాల్టా చట్టం వచ్చింది. ఇసుక తవ్వకానికీ, కొత్త బోర్లకూ అందులో కట్టుబాట్లు ఉన్నాయి. చెక్‌డ్యాం మంజూరు చేయించుకునే ఊరు ముందుగా తన వాగులో ఇసుకను కాపాడుకోవాలి. ఈ మాట ఎన్నికల వేదికల మీద వినిపించదు.

మూడోది, ఎక్కడ కట్టాలన్నది. తెలుగు ఇంజినీర్లలో ఈ విషయం గురించి పట్టుదలగా చెప్పినవారు టి. హనుమంతరావు. ఆయన చతుర్విధ జల ప్రక్రియ అని ఒక పద్ధతి చెప్పారు. వాన నీరు, నేలలోని తేమ, భూగర్భజలం, పారే నీరు నాలుగూ ఒకటే నీరు, నాలుగింటినీ కలిపి చూడాలి అన్నది దాని సారం. పెద్ద గోడలు తక్కువ, వాన పడ్డ చోటు నుంచే వరసగా కందకాలు, చిన్న ఊటకుంటలు ఎక్కువ. ఉమ్మడి మెదక్ జిల్లాలోని గొట్టిగారిపల్లిలో దాన్ని ఆచరణలో పెట్టి చూపారు. తర్వాత రాజస్థాన్ ప్రభుత్వం 2016లో చేపట్టిన జల కార్యక్రమానికి ఆయన ఆలోచనే ఆధారమైంది. ఎడారి రాష్ట్రం నేర్చుకున్న పాఠంలో మెదక్ మట్టి వాసన ఉందని సిద్దిపేట పిల్లలకు తెలిస్తే బాగుండును.

వాగు పొడవునా గోడలే కడుతూ పోతే ఇంకో చిక్కు ఉంది. కూడవెల్లి నీరు పల్లానికి నిజాం కాలంలో నర్మాల దగ్గర కట్టిన ఎగువ మానేరుకు పోవాలి. పైన ప్రతి చుక్కా ఆగితే కింద ఆయకట్టు ఎండుతుంది. వానలు బాగున్న ఏడాది ఈ తగాదా కనిపించదు, కరవు ఏడాదే బయటపడుతుంది. అందుకే ఎన్ని కట్టాలో ఊరి హద్దులో కూర్చుని తేల్చేది కాదు, వాగు మొత్తాన్నీ ఒక్కటిగా లెక్కవేయాలి.

ఇక తోడే వైపు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అప్పటికి రాష్ట్రంలో పంపుసెట్లు సుమారు 23 లక్షలు. రాత్రిపూట పాములకూ తేళ్లకూ భయపడుతూ మోటారు వేయడానికి పోయే బాధ తప్పింది, అది నిజమైన మేలు. కానీ చాలా మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు వస్తే చాలు, పొలానికి కావాలన్నా వద్దన్నా మోటారు తిరుగుతుంది. వాటిని తీసేయమని అప్పట్లో ప్రభుత్వమే రైతులను కోరింది. చిన్న గాబులోకి పైనుంచి సన్నగా నీళ్లు పోస్తూ కింద నాలుగు గొట్టాలు తెరిచి పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. దేశం మొత్తం మీద ఏటా తోడే భూగర్భజలం సుమారు 240 ఘనపు కిలోమీటర్లు, ప్రపంచంలో మరే దేశమూ ఇంత తోడదు. అందులో వందకు 85 పాళ్లకు పైగా పొలాలకే.

తోడేదాన్ని అదుపులో పెట్టడం చట్టంతోనే అయ్యే పని కాదని చూపిన ఉదాహరణ కూడా తెలుగు నేల మీదే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2000ల దశకంలో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం అనే ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలిచే కార్యక్రమం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వానకొలత పాత్ర చూసి రాసుకున్నారు. బోరులోకి కొలతతాడు దించి నీటిమట్టం ఎంత లోతున ఉందో పట్టుకున్నారు. ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనిపించేలా రాసి పెట్టారు. వానాకాలం ముగిశాక ఊరంతా కూర్చునేవారు. ఈ ఏడాది ఎంత ఇంకింది, యాసంగికి ఎంత మిగిలింది, ఎన్ని ఎకరాల్లో ఏది వేస్తే సరిపోతుంది అని లెక్కగట్టేవారు. ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని ఆపలేదు. అంకె కళ్లముందు ఉన్నప్పుడు చాలామంది తమంతట తామే మడి తగ్గించుకుని ఆరుతడి పంటలకు మళ్లారు.

సిద్దిపేటకు ఆ లెక్క ఇప్పుడు మరింత అవసరం. నీరు పెరిగింది కాబట్టే అవసరం. భూగర్భజల శాఖ పరిశీలక బోర్లలో నెలనెలా మట్టం కొలుస్తూనే ఉంది. ఆ అంకె జిల్లా కార్యాలయం కాగితంలో ఉండిపోకుండా, కూడవెల్లి ఒడ్డు ఊళ్లలో గ్రామపంచాయతీ గోడ మీద రంగుతో రాస్తే, పక్కనే ఆ నెల చెక్‌డ్యాం ఎన్నిసార్లు నిండిందో కూడా రాస్తే, యాసంగి నారు పోసే ముందు ప్రతి రైతూ దాని ముందు ఒక నిమిషం నిలబడతాడు. సున్నం, కుంచె, ఒక కొలతతాడు చాలు.

మాఘ అమావాస్యకు కూడవెల్లి రామలింగేశ్వరస్వామి జాతర. వానాకాలం ముగిసి నాలుగు నెలలయ్యాక, వేసవి ఇంకా గడప అవతల ఉండగా వచ్చే పండుగ అది. వేలమంది వాగులో స్నానం చేసి గుడికి పోతారు. కరవు ఏళ్లలో ఆ స్నానానికి వాగులో నీరుండేది కాదు. ఈసారి జాతరకు వెళ్లేవాళ్లు మునిగి లేచాక, ఒడ్డున ఇసుకలో మోకాలిలోతు ఒక చెలిమె తోడి చూడవచ్చు. నీరు ఎంత లోతున తగిలిందో, ఎంతసేపటికి ఊరిందో ఇంటికొచ్చి పిల్లల నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవచ్చు. వచ్చే ఏడు అదే జాగాలో మళ్లీ తోడి పక్కన ఇంకో అంకె రాయవచ్చు.